మస్కట్ డబ్బా, తాత పేరున్న గిన్నెలు

నా చిన్నప్పుడు మా కోరుట్ల గల్లీలో నా అంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషి ఇంకొకరు లేరని గట్టిగా నమ్మేదాన్ని. నమ్మడమే కాదు, అడిగినా అడగకపోయినా నలుగురికీ చెప్పేదాన్ని. ఆ గర్వానికి కారణం మా మేనమామ మస్కట్ నుంచి తెచ్చిన ఒక నల్ల డబ్బా.

అది టీవీకి తగిలించి ఆడుకునే ఆట డబ్బా. మామ పనిచేసే ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లై, వద్దని మూలన పడేస్తే, మా అమ్మకు కొన్న చీరల మధ్య పెట్టి జాగ్రత్తగా తెచ్చాడు. ఊళ్లో అప్పటికే కొందరిళ్లలో టీవీ ఆటలు ఉండేవి. కార్లు పరుగెత్తేవి, తుపాకులు పేలేవి. మా డబ్బా ఆ జాతిది కాదు. దాని మీద రాసినవి ఇంగ్లిషు అక్షరాలు కావు. అరబ్బీ కూడా కాదని ఖురాన్ చదివే పక్కింటి ముస్లిం పిన్ని, మా అందరి ఖాలా, చూసి తేల్చేసింది. బజార్లో దొరికే క్యాసెట్లు ఒక్కటీ అందులో పట్టలేదు. దానితో వచ్చిన ఒకే ఒక్క క్యాసెట్టేమో లోపల ఇరుక్కుపోయి బయటికి రాలేదు. కాబట్టి మాకున్నది ఒకటే ఆట.

కానీ ఏం ఆట అది! మీట నొక్కగానే తెర నిండా బిళ్లలు పరుచుకునేవి. కాసేపు బొమ్మలు చూపించి అన్నీ ఒక్కసారే బోర్లా తిరిగేవి. చేప, చందమామ, గొడుగు, ఒంటె. ఏ బొమ్మ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని జతజతగా తెరవాలి. కుదిరితే టింగుమని మోగేది. తప్పితే డబ్బా బుయ్యిమని ఏడ్చి, తెర పైన వెలిగే దీపాల్లో ఒకదాన్ని ఆర్పేసేది. దీపాలన్నీ ఆరితే ఆట మళ్లీ మొదటికి. ఆ టింగు కోసం నేను అన్నం కూడా మరిచిపోయేదాన్ని.

అవి తెలంగాణ కోసం అందరూ పనులు బందుపెట్టి రోడ్డెక్కిన రోజులు. బడి లేదు, బస్సులు లేవు. ర్యాలీ వస్తే గల్లీ పిల్లలమంతా ఉరికిపోయి, గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచి, అదే ఊపులో తిరిగొచ్చి డబ్బా ముందు కూర్చునేవాళ్లం. కరెంటు ఒక్కటే మాతో ఆడుకునేది. మంచి ఊపు మీద ఉన్నప్పుడు పోయేది. అది పోతే గెలిచినవన్నీ పోయినట్టే.

గెలవడానికి నాకొక పద్ధతి ఉండేది. బొమ్మలు కనబడినంతసేపూ వాటి పేర్లు వరుసగా పైకి చదివేదాన్ని. చేప, గొడుగు, ఒంటె, చేప. ఆ పాట నోట్లో తిరుగుతుండగానే జతలు తెరిచేసేదాన్ని. నన్ను ఓడించినవాళ్లు లేరు. చివరి తెర మాత్రం ఓడించింది. అందులో చేపలు లేవు, ఒంటెలు లేవు. అన్నీ చాయ్ కెటిళ్లే. నేను కెటిల్, కెటిల్, కెటిల్ అని చదువుకుంటూ కూర్చునేదాన్ని. ఏ రెండు తెరిచినా జత కాదని దీపాలు టపటపా ఆరిపోయేవి. ఆ తెర దాటితే ఏం వస్తుందో చూసినవాళ్లు మా గల్లీలోనే కాదు, బహుశా మా జిల్లాలోనే లేరు. అది చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అంతలో గడువు మీద పడింది. మామ సెలవు అయిపోవచ్చింది. డబ్బాను తంగళ్ళపల్లిలో మా అత్త తమ్ముడి పిల్లలకు ఇస్తానని మాటిచ్చాడట. ఆ సాయంత్రమే దోస్తు బండి మీద పట్టుకుపోతానన్నాడు. పొద్దున్నే కెటిళ్ల దగ్గరికి చేరి మళ్లీ ఓడిపోయాను. ఇంకొకసారి మొదలుపెట్టానో లేదో కరెంటు పోయింది, అమ్మ వచ్చింది.

"ఇగ సాలు, లే. అందరు వంటావార్పుకు పోతున్రు," అంది.

వంటావార్పు అంటే ఉద్యమంలో ఊరంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, బండ్లను ఆపి అక్కడే తినడం. ఇంటికో గిన్నెడు బియ్యమో, పప్పో, ఉల్లిగడ్డలో తీసుకొచ్చారు. పెద్ద గంజుల్లో బగారన్నం ఉడికింది. పాటలు, డప్పులు, పొగ, ఎండ. మామూలు రోజైతే ఎగిరి గంతేసేదాన్ని. ఆ రోజు మాత్రం నా కళ్లు ఆకాశంలో పొద్దు ఎక్కడుందో అదే చూస్తున్నాయి.

తినడం అయ్యాక ఆడవాళ్లు బోరింగు దగ్గర గిన్నెలు కడిగి కుప్ప పోశారు. అమ్మ నన్ను పిలిచింది.

"మస్తు యాది ఉంటది నాకు అని ఊరంత చెప్తవు గద. ఎవల గిన్నెలు వాళ్లకిచ్చి రా. అటెన్కనే ఆట."

ఇదీ ఒక పనేనా అనుకున్నాను. గిన్నెల మీద పేర్లు కొట్టి ఉంటాయి కదా, చదువుకుంటూ పోతే సరిపోతుంది. మొదటి గిన్నె తిప్పి చూశాను. మా తాత పేరు, పక్కన జ్ఞాపకార్థం అని. మాదే. రెండోది చూశాను. అదీ మా తాత పేరే. మూడోదీ అంతే. మావాళ్లు ఇన్ని తెచ్చారా అని ఒక్కసారైనా అనుమానం రాలేదు. నిరుడు తాత సంవత్సరీకానికి మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, ఇంటింటికీ ఒక స్టీలు గిన్నె పంచింది. ఆ పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. అంతటి జ్ఞాపకశక్తి నాది. కరెంటు వస్తుందన్న తొందరలో ఆ గిన్నెలన్నీ తట్టలో పేర్చుకుని మా ఇంటికే మోసుకొచ్చాను. ఒక్క గిన్నె మీద మాత్రం అక్షరాలు సరిగా కనబడలేదు. ఎవరిదైతే వాళ్లే వెతుక్కుని తీసుకుపోతారులే అని దాన్ని బోరింగు గట్టు మీదే వదిలేశాను.

కాసేపట్లో మా గుమ్మం ముందు ఆడవాళ్లు గుమిగూడారు.

"ఇచ్చిన గిన్నెలు మల్ల గుంజుకుంటున్రా ఏంది వదినా," అని మూలింటి అత్త అంటే అందరూ నవ్వారు. అమ్మ ముఖం ఎర్రబడింది. బాపమ్మ మాత్రం నవ్వలేదు. తట్ట ముందు కూర్చుని ఒక్కొక్క గిన్నె తీసి, వేలితో తడిమి పక్కన పెడుతోంది.

"మనది ఈ తట్టల లేదు," అంది చివరికి. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. తాత సంవత్సరీకం అయినప్పటి నుంచి బాపమ్మ ఆ గిన్నెలోనే అన్నం తినేది. పొద్దున హడావుడిలో అమ్మ చూసుకోకుండా దానిలోనే బియ్యం పోసి తెచ్చిందట. గట్టు మీద వదిలేసింది గుర్తొచ్చి బోరింగు దగ్గరికి ఉరికాను. గట్టు ఖాళీగా ఉంది.

ఏడుపు ముఖంతో తిరిగొస్తే పక్కింటి ఖాలా మా వాకిట్లో తట్ట ముందు కూర్చుని ఉంది. బాపమ్మ ఎందుకో అప్పటికి కుదుటపడి ఉంది. కారణం నాకు అప్పుడు తట్టలేదు.

"మీది దొర్కుతది బిడ్డా. ముందుగాల గివి ఎవలియో చెప్పు," అంది ఖాలా.

"అన్నిట్ల ఒకటే పేరుంది ఖాలా, ఎట్ల చెప్పాలె?"

"పేరు ఇడిసిపెట్టు. గిన్నెను సూడు."

ఒక గిన్నె నా చేతికిచ్చింది. అడుగంతా సొట్టలు. మూలింటి పిల్లగాడు ర్యాలీలో డప్పు దొరకక గిన్నె కొట్టుకుంటూ పోవడం నేను చూసిందే. ఇంకొకటి అడుగున నల్లగా మాడి ఉంది. ఎదురింటి చిన్నమ్మ అందులోనే చాయ్ కాస్తుంది. మూడోదాన్ని వాసన చూడమంది. తంబాకు వాసన గుప్పుమంది. చివరింటి అక్క చుట్టిన బీడీలు అందులో వేస్తుంది. నాలుగోదానికి నేనే ముందు చెప్పేశాను. లోపల సేమ్యా అడుగంటిన మచ్చ ఉంది. రంజాన్ పండుగనాడు అందులోనే మాకు షీర్ ఖుర్మా వచ్చింది. అది ఖాలాదే. ఖాలా పకపకా నవ్వింది. అప్పటిదాకా ఒకే ముద్రలో ఉన్న గిన్నెలు ఒక్కసారిగా ఇరుగుపొరుగు ముఖాల్లా కనబడటం మొదలైంది. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. గిన్నె పట్టుకుని ఉరకడం, ఇచ్చి రావడం, మళ్లీ ఉరకడం. ఒక్కరూ ఇది మాది కాదు అనలేదు.

తట్ట ఖాళీ అయ్యాక ఖాలా కొంగు కింద నుంచి ఇంకో గిన్నె తీసింది. గట్టు మీద నేను వదిలేసిన గిన్నె. బాపమ్మకు ముందే చూపించిందట.

"మరి గిది ఎవలిది?"

"ఎవలిదో. పేరు కనబడ్తలేదు గద."

"ఏడ కనబడ్తలేదో సూడు."

చూశాను. గిన్నె అంతా కొత్తదానిలా ఉంది. పేరున్న చోట మాత్రమే బొటనవేలంత మేర అరిగిపోయి నున్నగా మెరుస్తోంది. రోజూ పొద్దున పెరట్లో బాపమ్మ గిన్నెలు తోమడం గుర్తొచ్చింది. మిగతావన్నీ గబగబా తోమేసి, ఒక్కదాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని బూడిదతో ఒకే చోట రుద్దుతూ చాలాసేపు కూర్చునేది. రోజూ చూసేదాన్నే. ఎప్పుడూ చూడలేదు.

"మాది," అన్నాను.

బాపమ్మ గిన్నె అందుకుని కొంగుతో తుడిచింది. "ఆయిన పేరు మెరువాలెనని తోమిన. అరుగుతదని నాకెరుకనా," అంది.

నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల ఫ్యాన్ తిరిగింది. కరెంటు.

బయట మామ దోస్తు బండి హారన్ మోగుతోంది. మామ నా ముఖం చూసి, "ఒక్క ఆటనే. ఓడితే వైర్లు పీకుడే," అన్నాడు. నేను డబ్బా ముందు కూలబడ్డాను. చేపలు, ఒంటెలు ఎలా దాటానో నాకే తెలియదు. గల్లీ పిల్లలంతా వెనక చేరారు. ఖాలా వచ్చి చాపమీద కూర్చుంది. వాళ్ల వెనక గిన్నెలు చేతిలో పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు. కెటిళ్ల తెర వచ్చింది.

ఈసారి నేను పేర్లు చదవలేదు, కెటిళ్లను చూశాను. ఒక కెటిల్ అడుగున సొట్ట ఉంది. మూలింటిది. ఒకటి నల్లగా ఉంది. ఎదురింటి చిన్నమ్మది. మూత వంకరది, ముక్కు విరిగింది, మచ్చ ఉన్నది, ఒక్కొక్కదాన్ని ఒక్కో ఇంట్లో కూర్చోబెట్టాను. బిళ్లలు బోర్లా తిరిగాయి. నేను ఇళ్ల పేర్లు అరుస్తూ తెరుస్తున్నాను. ఎవరింటి పేరు వస్తే వాళ్లు వెనకనుంచి "మాదే, మాదే" అంటున్నారు. టింగు, టింగు. రెండు చోట్ల తడబడ్డాను. ఒక్క దీపం మిగిలింది. చివర్న ఇంకా తెరవని బిళ్లల్లో, చారలు సగం మాసిపోయిన కెటిళ్లు రెండు ఉండాలి. వాటిని మొదట్లోనే మా ఇంట్లో, బాపమ్మ ఒళ్లో పెట్టాను. చెమటపట్టిన వేలితో నొక్కాను. టింగుమంది.

తెర మీది కెటిళ్లన్నీ ఒక్కసారి లేచి వంగాయి. మధ్యలో ఒకే ఒక్క కప్పు నిండింది. ఆవిరి లేచి, దాని కింద ఆ తెలియని అక్షరాలు వచ్చాయి. ఇంత చిన్న కప్పు కోసమా అని ఎవరూ అనలేదు. ఇల్లు దద్దరిల్లేలా అరిచాము. బాపమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

"ఏం రాసిండు ఖాలా?" అని అడిగాను.

"చాయ్ పోసినంక తాగుమనే అంటడు. ఇంకేమంటడు," అంది ఖాలా. మేమంతా ఒప్పుకున్నాం. మామ వైర్లు పీకి, ఇంకా వేడిగా ఉన్న డబ్బాను తువ్వాలలో చుట్టుకుని తంగళ్ళపల్లికి వెళ్లిపోయాడు. మళ్లీ అలాంటి డబ్బా నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. ప్రతి ఏడూ ఒకే పేరున్న పిల్లలు నా తరగతిలో ఉంటారు. తోటి టీచర్లు వాళ్లను ఇంటిపేర్లతో విడదీస్తారు. నేను రిజిస్టరు మూసి ముఖాలు చూస్తాను. ఎవరు గోళ్లు కొరుక్కుంటారో, ఎవరు ఇంట్లో బీడీలు చుట్టి వేళ్లకు తంబాకు వాసనతో వస్తారో చూస్తాను. ఆ తర్వాత పేర్లు ఎప్పుడూ కలవవు.

బాపమ్మ లేదు. ఆమె గిన్నె నా దగ్గరుంది. మొన్న మా అన్న బిడ్డ దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిన్నె మీద ఏం రాసి లేదు, ఇది ఎవరిది అత్తా?" అని అడిగింది. పక్కన కూర్చోబెట్టుకుని దాని వేలిని ఆ నున్నటి చోట పెట్టి, మా తాతది అని చెప్పాను.