చిన్న చక్రాలా, గాలి టైర్లా?

బంద్ అంటే ఊరందరికీ పరేషాన్. నాకూ, మా పైవాటాలో కిరాయికి ఉన్న ఫిజిక్స్ సారుకూ మాత్రం అది ఆటవిడుపు. తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో నా చీరల దుకాణం షట్టర్ దించేసేవాణ్ణి. ఆయన పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కు తాళం పడేది. పొద్దున ఊరేగింపులో గొంతు పోయేలా జై తెలంగాణ అని అరిచి వచ్చి, మధ్యాహ్నం ఆ గుంటూరు సారుతో కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. ఆయన నన్ను సేటూ అని పిలిచేవాడు. పోచంపల్లి మగ్గం గుంటలోంచి లేచొచ్చినవాణ్ణి, నేనెక్కడి సేటును? అయినా ఆయన నోట వింటే బాగుండేది.

గాలిపటం పిచ్చి ఆయనది. ఎవరో చక్రాల పలక మీద నిలబడి, పెద్ద గాలిపటం లాగుతుంటే నేల మీద దూసుకుపోవడం కంప్యూటర్‌లో చూశాడట. ఇంకేముంది, బొంబాయి నుంచి అలాంటి గాలిపటం తెప్పించాడు. దుప్పటంత ఉంది, నాలుగు తాళ్లు, రెండు పిడులు. అలవాటు కొద్దీ గుడ్డ అంచు వేళ్ల మధ్య నలిపి, "తడిస్తే దగ్గరపడదా సార్?" అని అడిగాను. నవ్వి నవ్వి ఆయనకు పొలమారింది.

కర్మన్‌ఘాట్ అవతల ఒక వెంచర్ ఉండేది. రోడ్లు నున్నగా వేశారు గానీ, ఉద్యమం ఎటు తేలుతుందోనని ప్లాట్లు కొనేవాళ్లు ఆగిపోయారు. ఇళ్లు లేవు, కరెంటు స్తంభాలూ లేవు, ఉన్నదంతా గాలే. ఇప్పుడక్కడ బాల్కనీలకు బాల్కనీలు ఆనుకుని ఉన్నాయి. అటు పోయినప్పుడల్లా ఆ గాలి గుర్తొచ్చి మనసు ఎట్లనో అవుతుంది. మొదటిసారి పలక లేకుండానే గాలిపటం ఎగరేస్తే, అది నన్ను మడమల మీద ఈడ్చుకుపోయి కొత్త చెప్పులు తెంపేసింది. ఇక పలక కొనక తప్పదనుకున్నాం.

అప్పుడే సారు ఇంట్లో మరో మాట నడుస్తోంది. గుంటూరులో ఒక కాలేజీ వాళ్లు ఉద్యోగానికి రమ్మన్నారు. ఇక్కడ రేపు ఎట్లుంటుందోనని ఆయన భార్యకు దిగులు. అడిగితే, "ఇంకా ఏమీ అనుకోలేదు సేటూ" అనేవాడు. నాకు రాష్ట్రమూ కావాలి, సారూ కావాలి. రెండూ కావాలనుకుంటే తప్పేముందని నాలో నేనే కొట్లాడుకునేవాణ్ణి.

కోఠీలో ఆటసామాన్ల దుకాణమాయన మా కోసం రెండు రకాల పలకలు తెప్పించాడు. ఒకటి గాలి కొట్టే లావు టైర్లది, పాదాలకు పట్టీలున్నది. మట్టిలో, గడ్డిలో, గట్టి ఇసుకలో కూడా పోతుంది, కాకపోతే మహా బరువు. రెండోది పొడుగాటి పలక, కింద చిన్న గట్టి చక్రాలు. నున్నటి రోడ్డు మీద హాయిగా జారుతుంది, కంకర రాయి అడ్డొస్తే మూతి పగులుతుంది.

సారు సొంతూరు బాపట్ల పక్కన, సముద్రపు ఒడ్డున. లావు టైర్లు తీసుకున్నాడంటే వెళ్లిపోతున్నట్టే, చిన్న చక్రాలంటే మా వెంచర్ రోడ్డు, ఉండిపోతున్నట్టే. మళ్లీ నోరు తెరిచి అడిగే ధైర్యం లేక ఇట్లా నాకు నేనే తేల్చుకున్నాను. ఆయన లావు టైర్లను బొటనవేలితో నొక్కుతూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి చిన్న చక్రాల పలక నేల మీద పెట్టి, "ఎక్కండి సేటూ" అన్నాడు.

"నేనెందుకు సార్? మీరెక్కుండ్రి."

"ఎక్కండి, చూద్దాం."

ఎక్కాను. భుజం పట్టుకుని మోకాళ్లు వంచమన్నాడు. పాదాల ఎడం చూశాడు. నా బరువుకు పలక ఎంత వంగుతోందో కిందికి ఒంగి చూశాడు. "ఇదే తీసుకుందాం" అన్నాడు. తిరుగుదారిలో అంతా నేనే మాట్లాడాను. హోటల్లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి, ఇంకో చాయ్ కూడా తాగమని వెంటపడ్డాను.

తర్వాతి బంద్‌లన్నీ వెంచర్‌లోనే గడిచాయి. మోకాళ్లు చెక్కుకుపోయాయి, మోచేతులు వాచాయి. గాలిపటాన్ని ఎటు తిప్పాలో అరిచి చెబుతూ సారు పక్కన పరుగెత్తేవాడు. పలక మీద ఎక్కువసేపు నేనే ఉండేవాణ్ణి. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

ఎండాకాలం సెలవుల్లో ఇంటిముందు లారీ ఆగింది. బీరువా, మంచాలు, పుస్తకాల అట్టపెట్టెలు ఎక్కాయి. మెట్ల కింద పలక, గాలిపటం సంచి అట్లాగే ఉన్నాయి.

"సార్, గివి మర్శిపోయిండ్రు."

"మర్చిపోలేదు సేటూ. అవి మీవే. మా ఊరి ఇసకలో ఆ చక్రాలు అడుగు కదలవు."

"అంటే కోఠీకి పోయిననాడే మీరు..."

"అప్పటికే ఒప్పేసుకున్నాను. చెబితే మీరు ఆ పలక ఎక్కేవారా?"

చీర తనకోసమైతే ఆడమనిషి తన భుజాన వేసుకుని అద్దం చూసుకుంటుంది. వేరొకరికి పెట్టడానికైతే పక్కనున్నామె భుజాన వేసి, కాస్త వెనక్కి జరిగి చూస్తుంది. పొద్దస్తమానం దుకాణంలో నేను చూసేది అదే. అట్లాంటిది, నా భుజం పట్టుకుని నాకోసమే ఎంచుతుంటే పోల్చుకోలేకపోయాను. ఆయన మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎక్కకపోతుంటి సార్" అన్నాను.

ఆయన తల ఊపి, లారీ ఎక్కి భార్య పక్కన కూర్చున్నాడు.