పోలిక నక్షత్రం

జంట నక్షత్రాల పాఠం చెప్పినప్పుడల్లా ఏదో ఒక కుర్రాడు "పెళ్లిలాగా అన్నమాట సార్" అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. ఒకప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడా మాట వింటే ఒళ్లు మండుతుంది. బోర్డు వైపు తిరిగి లెక్క మొదలుపెడతాను.

ఢిల్లీ జియా సరాయ్‌లో ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు మయూర్ విహార్‌లో. మా అపార్ట్‌మెంట్ సొసైటీ మేడ మీద చిన్న టెలిస్కోపు, దానికో కెమెరా పెట్టుకుని ఇలాంటి జంటల వెలుగు కొలవడం నా పిచ్చి. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మనకి మాత్రం ఒక్క చుక్కే కనిపిస్తుంది. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడల్లా ఆ చుక్క మసకబారుతుంది. అదే వాటి గ్రహణం. అదెప్పుడో ముందే చెప్పొచ్చు, కానీ కొన్ని జంటల్లో ఏళ్లు గడిచేకొద్దీ ఆ లెక్క తప్పుతుంది. లోపల బరువు చేతులు మారుతుండటమే కారణం. పెద్ద నక్షత్రం ముందుగా ముసలిదై, ఉబ్బి, తన పదార్థాన్ని పక్కదాని మీదికి ఒలకబోస్తుంది. పుచ్చుకున్నది వయసు తగ్గినట్టు వెలుగుతుంది. ఇచ్చింది చిక్కిపోతుంది. బరువులు అలా తారుమారయ్యాక కూడా ఇస్తూనే పోతే రెంటి మధ్య దూరం పెరుగుతుంది, గ్రహణానికీ గ్రహణానికీ మధ్య వ్యవధి కూడా పెరుగుతుంది.

ఢిల్లీ ఆకాశంలో ఈ కొలతలు తీయడం ఓ తలనొప్పి. చుక్క మసకబారితే అది నిజంగా మసకబారిందో, పొగ కమ్మిందో తెలియదు. అందుకని అదే ఫొటోలో, వెలుగు మారదనుకున్న ఇంకో నక్షత్రాన్ని ఎంచుకుని దానితో పోల్చి చూస్తాం. అది పోలిక నక్షత్రం. మా కొలతలన్నీ దాన్ని నమ్ముకునే ఉంటాయి.

కిందటేడాది నా కాలేయం చెడిపోయింది. మందు వాసన కూడా ఎరగని వాణ్ణి. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ చడీచప్పుడు లేకుండా తినేసిందన్నారు. మార్చకపోతే బతకనన్నారు. బతికున్న మనిషి కాలేయంలోంచి ముక్క కోసి పెడితే ఇద్దరిలోనూ మళ్లీ పెరుగుతుందట. మా ఆవిడది సరిపోయింది. నేను వద్దన్నాను. ఆసుపత్రి వరండాలోనే గట్టిగా అరిచాను.

"అరవకండి, కనుగుడ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి," అంది. "నాదేమన్నా ఊడిపోద్దేంటండీ? మళ్లీ పెరుగుద్దంటన్నారుగా. మీరు లేకండా ఈ ఊళ్లో హిందీ మాట్లాడుకుంటా నేనొక్కదాన్నీ ఉండలేనండి బాబూ."

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఇద్దరం ఇంటికొచ్చాం. నడవమన్నారు కాబట్టి సాయంత్రాలు సొసైటీ పార్కులో నడిచేవాళ్లం. మొదట్లో ఆమె ముందు, నేను వెనక. ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నా కోసం చూసేది. కొన్ని వారాలకు పక్కపక్కన నడిచాం. ఆ తర్వాత ఓ సాయంత్రం నేనే ముందున్నాను. పక్క ఫ్లాట్ ఆంటీ బెంచీ మీంచి "అరే వాహ్, భాయీసాబ్ తో జవాన్ హో గయే!" అని, నేను మళ్లీ కుర్రాణ్ణయిపోయానన్నట్టు చప్పట్లు కొట్టింది. నాకు పట్టపగ్గాల్లేవు.

"చూశావా, నిన్ను దాటేశాను," అన్నాను.

"అచ్ఛా, గెలిచారులెండి," అంది నవ్వుతూ. ఆంటీ కూర్చున్న బెంచీని పట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి ఆమెను ఎంత దూరం దాటానన్నదే నా ఆరోగ్యానికి కొలత.

ఓ రోజు వాన వెలిసి ఆకాశం తేటపడింది. చీకటి పడగానే చాలా నెలల తర్వాత మేడెక్కాను. కొలతలు విడ్డూరంగా వచ్చాయి. గ్రహణం ఇంకా మొదలుకాక నిలకడగా ఉండాల్సిన జంట అంతకంతకూ వెలుగుతోంది. అనుమానమొచ్చి ఫొటోలో ఇంకో రెండు నక్షత్రాలతో పోల్చి చూశాను. జంటకేమీ కాలేదు. నేను నమ్ముకున్న పోలిక నక్షత్రమే మసకబారుతోంది. ఎంత తెలివితక్కువ పని చేశానో చెప్పి ఆమెను నవ్విద్దామని కిందికి దిగాను.

వంటింట్లో ఫ్రిజ్‌కి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. స్వెటర్ వేసుకుని వణుకుతోంది. లైటు వేశాను. కనుగుడ్లు పచ్చగా ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మీరిప్పుడిప్పుడే కాస్త నడుత్తున్నారు కదండీ," అంది. "ఎందుకులే అని."

కోత పెట్టిన చోట లోపల చీము పట్టి, రక్తంలోకి పాకిందన్నారు. ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఐసీయూ బయట కూర్చుని పార్కు నడకంతా మళ్లీ తలుచుకున్నాను. నా అడుగు పెద్దగా మారనే లేదు. ఆమెదే తగ్గుతూ వచ్చింది. దాన్ని చూసి నేను సంబరపడ్డాను.

మొన్న స్కాన్ చూసి డాక్టరు చాలా సంతోషించాడు. ఆమె ఇచ్చిన ముక్క నా ఒంట్లో పూర్తిగా పెరిగిందట. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

పెళ్లిలాగా అనే కుర్రాళ్లకు ఒకటే చెప్పాలనిపిస్తుంది. నక్షత్రం ఉబ్బి, ఆపుకోలేక ఒలకబోస్తుంది. దానికి వేరే దారి లేదు. ఆమెకు ఉంది. నేను వద్దని అరిచాను కూడా.

ఆమె ఇచ్చినదాన్ని పాడుచేసుకోకూడదు కాబట్టి రోజూ పార్కులో నడుస్తున్నాను. బెంచీ దాటాక వెనక్కి తిరిగి చూస్తాను. నా నడక పెరిగిందో తగ్గిందో నాకిప్పుడు తెలియదు.