మోకాళ్ళ మీద గడ్డి మరక

జయరావు దేవుడి ముందర కన్నా గడ్డి ముందరే ఎక్కువసార్లు మోకరించాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు "మోకరిద్దాం" అంటే గోడ పట్టుకుని, అబ్బా అమ్మా అని మూలిగి, సగం దాకా వంగి అక్కడే ఆగిపోయేవాడు. సోమవారం తెల్లారేసరికి అవే మోకాళ్ళు హోటలు లాన్‌లో పసిపిల్లాడి మోకాళ్ళ మాదిరి పాకుతూ ఉండేవి.

"దేవుడు సూడ్డంలేదనుకున్నావా తాతా?" అని మనవరాలు నిస్సీ నిలదీసేది.

"సూస్తాడు పాపా. కానీ ఆయన సూపర్‌వైజరు గాదు కదా, సూసీ సూడనట్టు పోతాడు" అనేవాడు జయరావు.

సూపర్‌వైజరు సుకుమార్ అట్లా పోయే మనిషి కాదు. కథంతా అక్కడే వచ్చింది.

జయరావుది కార్వేటినగరం పక్కన చిన్న పల్లె. సెంటు భూమి లేదు. చెరకు నరికాడు, చెనక్కాయ పెరికాడు, ఎవరెవరివో టమేటా తోటల్లో కలుపు తీశాడు. చేసిన పనులన్నీ వంగి చేసేవి, లేదంటే గొంతుక్కూర్చుని చేసేవి. నిటారుగా నిలబడి చేసిన పని తన పెండ్లి ఒక్కటేనని, అది కూడా తర్వాత వంగడానికేనని, నాగులమ్మకు వినబడేటట్టు చెప్పుకునేవాడు. ఆమె చేతిలో గరిటె ఉంటే మాత్రం ఆ మాట అనేవాడు కాదు.

పల్లెలో పనులు తగ్గాక మొగుడూపెళ్ళాలు రేణిగుంట దారిలోని ఒక కాలనీకి వచ్చి చేరారు. కూతురు రెబెకా తడ దగ్గర కంపెనీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆమె కూతురు నిస్సీ, ఇంటర్‌లో లెక్కల పేపరు రెండుసార్లు పోగొట్టుకుని, అవ్వా తాతల దగ్గర ఉంటూ వాళ్ళని వేధించుకు తింటుంది.

నాలుగేండ్ల కిందట ఆ దారిలో పెద్ద హోటలొకటి లేచింది. లాన్ వేయడానికి కూలోళ్ళు కావాలంటే జయరావు పోయాడు. గడ్డి చాపల్లాగా చుట్టలు చుట్టుకుని లారీలో వచ్చింది. "ఆవు మెయ్యని గడ్డికి ఇన్ని నీళ్ళేందిరా నాయనా!" అని మొదటి రోజు పడీ పడీ నవ్వాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆ గడ్డిలో ఎవరైనా చెప్పులేసుకుని నడిస్తే ఈయన మొహం ముడుచుకుపోయేది. ఒక్కొక్క చాపా తన చేత్తో పరిచినదే. ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ మూల చిత్తిరి నెల ఎండకు మాడుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మిగతా కూలోళ్ళు వెళ్ళిపోయారు, ఆయన మాలీగా నిలిచిపోయాడు. అరవై మూడేండ్ల మనిషిని ఇంక బయట ఎవరూ పనికి పిలవరని ఆయనకు బాగా తెలుసు. ఆ గడ్డి దగ్గర పని పోతే ఇంక ఏ గడ్డి దగ్గరా పని లేదు.

ఆ గడ్డికి పగవాడు తుంగ. నిలబడి వంగి పీకితే ఆకు చేతికొస్తుంది, అడుగున గడ్డ అట్లాగే ఉండి, వారం తిరక్కముందే మళ్ళీ తల ఎత్తుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న కొడవలి మొన మట్టిలోకి దించి, గడ్డతో సహా పెకలించాలి. జయరావు రోజంతా చేసేది అదే. ఖాకీ నిక్కరు వేసుకున్నన్నాళ్ళు ఆయన మోకాళ్ళు పచ్చగా ఉంటే ఎవరికీ పట్టలేదు. చర్మమే కదా, ఇంటికొచ్చి తోముకునేవాడు.

పోయినేడాది సుకుమార్ వచ్చాడు, యూనిఫాం మార్చాడు. మాలీలందరికీ నీలం జీన్స్ ప్యాంటు, వెనక జేబు మీద హోటలు పేరు కుట్టి. మనిషికి ఒక్కటే. జయరావు పుట్టి బుద్ధెరిగాక జీన్స్ వేసుకోవడం అదే మొదలు. నడుం దగ్గర పురికొసతో కట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"వెనక నించి సూస్తే ఇరవై ఏండ్లుండాయి తాతా" అంది నిస్సీ.

"ముందర నించి?"

"ముందర నించి సూస్తే ఆధార్ కార్డు."

నాగులమ్మ ముందూ వెనకా తిరిగి చూసి, "ఈ వయసులో ఎవరికి సూపించుకునేదానికి?" అంది. కానీ ఆ రోజు ఆయన క్యారియర్‌లో ఒక కోడిగుడ్డు ఎక్కువ పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి రెండు మోకాళ్ళ మీదా అరచేతులంత పచ్చ మరకలు. మర్నాడు ఉదయం సుకుమార్ అందరినీ వరసలో నిలబెట్టి చూశాడు.

"ఏం పెద్దాయనా, ఇదేంది? గెస్టులు ఫొటోలు దిగేది ఈడే. నువ్వు మురిక్కాలవలో నించి వచ్చినట్టుంటే ఎట్లా?"

"గడ్డి మరక సార్. గడ్డిలో పని కదా."

"పని చెయ్యొద్దన్నామా? మరక వద్దన్నాం." ఒక చీటీ రాసి సంతకం పెట్టించుకున్నాడు. మూడు చీటీలైతే మనిషిని తీసేస్తారని అది చదివి వినిపించి మరీ చెప్పాడు.

ఆ సాయంత్రమే నాగులమ్మ పొయ్యి మీద డేగిసా ఎక్కించింది. ఆమె లెక్కలో మరక అన్నదానికి మందు ఒక్కటే: మరిగే నీళ్ళు, బట్టల సోడా, తర్వాత బండ. చెరకు నరికిన చొక్కాలు, అరటి జిగురు పట్టిన పంచలు, పిల్లల గుడ్డలు, అన్నీ ఆమె చేతిలో ఉడికి తెల్లబడ్డవే. జీన్స్‌ను గంటసేపు ఉడకబెట్టి, కట్టెతో తిప్పి, బండకేసి బాదింది. ఆరాక చూస్తే మిగతా ప్యాంటంతా వెలిసిపోయింది, మోకాళ్ళు మాత్రం పచ్చ నించి ముదురు కషాయం రంగుకు తిరిగి, ముద్ర కొట్టినట్టు గట్టిపడి కూర్చున్నాయి.

ఆ వారమే రెండో చీటీ వచ్చింది.

"నలభై ఏండ్లు నీ బట్టలు ఉడకబెట్టినా. ఏ మరకా నాకు ఎదురు తిరగలేదు" అంది నాగులమ్మ. "ఇది నీ మరక గాదు, ఆ హోటలోళ్ళ మరక." అని నిమ్మకాయ రుద్దింది, చింతపండు రుద్దింది, ఆఖరికి కిరసనాయిలు కూడా రుద్దింది. మరక పోలేదు గానీ, జయరావు మీద నించి వచ్చే వాసనకు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండడం మొదలైంది. ఆయన నవ్వలేదు. ఇంకొక్క చీటీ. రాత్రి అన్నం సగంలో వదిలి చెయ్యి కడిగాడు.

అన్నం వదిలిన తాతను చూశాకే నిస్సీ వేధించడం ఆపి బుర్ర పెట్టింది. బడిలో ఉన్నప్పుడు బెంచీల మీద పెన్నుతో పంతుళ్ళ బొమ్మలు వేసి, దొరికిపోయే ముందు కరోనా సానిటైజరుతో తుడిచేసిన అనుభవం ఆ పిల్లకు గట్టిగా ఉంది. సిరా పోయినప్పుడు గడ్డి పచ్చ ఎందుకు పోదు? చర్చిలో మైకుసెట్టు పక్కన అలమరలో కరోనా నాటి సానిటైజరు క్యాను ఇంకా సగముంది. పాస్టరమ్మను అడిగి సీసాడు తెచ్చింది.

"దేవుని సొత్తు అది" అంది నాగులమ్మ.

"తాత మోకాళ్ళు గూడా దేవుని సొత్తే గదవ్వా. నువ్వు ఆ డేగిసా పక్కన పెట్టు ముందు. యేణ్ణీళ్ళు తగిలితే ఆ పచ్చ లోపలికి పోయి కాపురం పెడతాది."

ముందు ప్యాంటు లోపలి కుట్టు మీద ఒక చుక్క వేసి చూసింది, నీలం దిగుతుందేమోనని. కొంచెమే దిగింది. మరక కింద పాత తుండు మడిచి పెట్టి, పైన దూది తడిపి అద్దింది. రుద్దలేదు, అద్దింది, చుట్టూ అంచుల నించి నడిమికి. కింద తుండుకు పచ్చ అంటుకుంటూ వచ్చింది. అంటినప్పుడల్లా తుండు జరిపింది. తర్వాత చన్నీళ్ళలో జాడించి, సబ్బుపొడి ముద్ద చేసి పట్టించి, అరగంట ఆగి, పాత పండ్ల బ్రష్‌తో మెల్లిగా తోమింది. నాగులమ్మ పక్కనే కూర్చుని, బండ మీద బాదని ఉతుకు ఒక ఉతుకా అన్నట్టు చూసింది.

"ఎండలో వెయ్యబాకవ్వా. మరక పూర్తిగా పోయిందాకా నీడే."

కొత్త మరకలు ఒక్కసారికే పోయాయి. నాగులమ్మ ఉడికించినవి మటుకు మూడు రోజులు, మూడు ఉతుకులు తీసుకున్నాయి. ఆ మూడు రోజులూ జయరావు జ్వరమని చెప్పి పనికి పోలేదు. నాలుగో రోజు జయరావు ప్యాంటును వెలుతురుకు పట్టి, మోకాళ్ళ చోటు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి, "లెక్కలు పోతే పోనీలే పాపా" అన్నాడు. నిస్సీకి ఆ దీవెన అంతగా నచ్చలేదు.

కానీ ఉన్నది ఒక్క ప్యాంటు. ఆ మందపు గుడ్డ నీడలో ఆరేందుకు రెండు పొద్దులు పడుతుంది. రోజూ ఉతికేది కుదరదు. మోకాళ్ళ మీద కూర్చోకపోతే తుంగ పోదు. జయరావు బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. గెస్టులు లేవకముందే, తెల్లవారుజాము అయిదున్నరకే పోయి, ప్యాంటు మడిచి మందార కంచె మీద పెట్టి, లుంగీ పైకెగ్గట్టి తుంగ తీసేవాడు. ఏడున్నరకు కాళ్ళు కడుక్కుని జీన్స్ వేసుకుని వరసలో నిలబడేవాడు. సుకుమార్ ఆ మోకాళ్ళు చూసి, "అట్ట రా దారికి" అన్నాడు. నెలరోజులు అట్లా నడిచింది. లాన్ అంత నున్నగా ఎప్పుడూ లేదు.

ఒక ఉదయం అయిదో అంతస్తు బాల్కనీలో, తిరుమల దర్శనానికి వచ్చిన ఒకావిడ ఫోను పట్టుకుని నిలబడింది. పలచటి మంచులో, లుంగీ కట్టిన ముసలాయన పచ్చటి గడ్డి మీద మోకాళ్ళూని తల వంచి ఉన్నాడు. వీడియో తీసి, దానికి ఒక భక్తిపాట తగిలించి, హోటలు పేరు కూడా రాసి నెట్‌లో పెట్టింది. "నేలను ఇంత భక్తిగా చూసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు" అని రాసింది. కింద దండాల బొమ్మలు వరసకట్టాయి.

ముందు చూసింది నిస్సీనే. ఇల్లంతా ఎగిరింది. "తాతా, లక్ష మంది సూసినారు నిన్ను! అవ్వా, నీ మొగుడు ఫేమస్!" నాగులమ్మ ఫోనును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఆ లుంగీ ఏంది, చినిగింది కట్టినావు! మంచిది లేదా ఇంట్లో?" అని సిగ్గుపడిపోయింది. జయరావు వీడియోలో తన మొహం చూడలేదు. వెనకాల గడ్డి చూశాడు. బాగుంది, అనుకున్నాడు.

హోటలు పెద్దలు కూడా చూశారు. వాళ్ళు చూసింది లుంగీని.

మర్నాడు సుకుమార్ మూడో చీటీ రాశాడు. "యూనిఫాం లేకుండా లాన్‌లో" అని.

"మరక లేదు గదా సార్" అన్నాడు జయరావు. "ఆ మరక పడకూడదనే..."

సుకుమార్ తల ఎత్తలేదు. "నాకు తెలుసు పెద్దాయనా. పైనించి చెప్పినారు. ఇంత పెద్ద హోటల్లో మనుషులకు గుడ్డలు గూడా ఇయ్యరా అని ఎవరో రాసినారంట. ప్యాంటు స్టోరులో అప్పగించి పో."

ప్యాంటు ఉతికి ఇవ్వాలి కాబట్టి ఇంటికి తెచ్చాడు. నాగులమ్మ చన్నీళ్ళలో ఉతికి నీడలో ఆరేసింది. ఈసారి డేగిసా జోలికి పోలేదు. నిస్సీ పెరట్లో నించి గుప్పెడు గడ్డి పీక్కొచ్చి నిలబడింది.

"తాతా, రెండు మోకాళ్ళకీ బాగా రుద్ది, అవ్వతో ఒక ఉడుకు ఉడకబెట్టించి ఇచ్చేద్దాం. జన్మలో పోదు."

జయరావు చాలాసేపు ఆ గడ్డి వైపు చూశాడు. తర్వాత ఆ పిల్ల చేతిలోది తీసుకుని ఎదురింటి మేక ముందర వేశాడు.

స్టోరులో గోవిందయ్య ప్యాంటు విప్పి ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూశాడు. "రంగు కొంచెం వెలిసింది గానీ, మరకనేది లేదబ్బా. రేపు వచ్చేవాడికి ఇది సరిపోతాది" అని అరలో పెట్టాడు. తర్వాత, ఏదో మాట కలపాలని కాబోలు, "మరకలుంటే పారేసేవాళ్ళం, నువ్వే తీసుకుపోయుండొచ్చు" అన్నాడు.

ఆ మాట జయరావు ఇంట్లో చెప్పలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

మూడు వారాలకు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. నిస్సీ ఎత్తి స్పీకరు పెట్టింది.

"జయరావు మామేనా? నా పేరు మునిచంద్ర, మాది పాకాల. హోటల్లో నీ జాగాలో చేరినాను. స్టోరు గోవిందయ్య నీ నంబరిచ్చినాడు. మామా, ఈ ప్యాంటుకు గడ్డి మరకలు పడతా ఉండాయి. నీకు పోగొట్టేది తెలుసంట?"

జయరావు నోరు తెరిచేలోపల నాగులమ్మ ఫోను లాక్కుంది. గొంతులో తేనె పోసుకుంది.

"నేను చెప్తా నాయనా, విను. పెద్ద డేగిసాలో నీళ్ళు బాగా మరగబెట్టి, సోడా వేసి, ప్యాంటు గంటసేపు ఉడికించు. గంటకు తక్కువ కాకూడదు."

నిస్సీ చున్నీ నోట్లో కుక్కుకుంది.

"అదే చేసింది పెద్దమ్మా, మా ఇంటామె నిన్న. ఇంకా ముదిరింది."

నాగులమ్మ మొహంలో తేనె ఇగిరిపోయింది. చెయ్యడానికి ఏమీ మిగలనట్టు ఫోను మొగుడి చేతిలో పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.

జయరావు నిదానంగా చెప్పాడు. సానిటైజరు, దూది, కింద తుండు. అంచుల నించి నడిమికి. చన్నీళ్ళు, సబ్బుపొడి, బ్రష్. మరక పూర్తిగా పోయిందాకా నీడ. "ఉడికింది గదా, ఒక్కసారికి పోదు. మూడుసార్లు పడతాది. విసుక్కోబాక."

"సరే మామా. ఇంకోటి మామా, మోకాళ్ళు ఆనకుండా ఆ తుంగ ఎట్ట తీసేది? నిలబడి పీకితే గడ్డ రావడంలా."

జయరావు ఫోను ఈ చెవి నించి ఆ చెవికి మార్చుకున్నాడు. "ఈశాన్యం మూల నించి మొదలుపెట్టు. ఆడ నీళ్ళు నిలుస్తాయి, ఆడ్నించే పాకతాది" అన్నాడు.

"అది సరే మామా, ఎట్ట తీసేది?"

"నీకెన్ని చీటీలైనాయి?"

"ఒకటి మామా."

"ఇంకా రెండుండాయిలే" అని ఫోను పెట్టేశాడు.