వన్ మోర్ ప్రసూనమ్మగారి బొంత

జ్ఞానప్రసూనాంబగారికి బీపీ లేదు, షుగరు లేదు, నోటి దురద అసలే లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. కుట్టిన కుట్టు విప్పకుండా ఉండలేరు. పొద్దున్న పదింటికి బొంత ముందు కూర్చుంటే సాయంత్రం నాలుగు దాకా నడుం ఎత్తకుండా కుట్టేవారు. నాలుగవగానే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, కుట్టిందంతా ఎగాదిగా చూసి, "ఊహూఁ, బాగాలేదు. వన్ మోర్!" అని కత్తెర అందుకునేవారు. ఇంకేముంది, కచకచకచ. పొద్దుటి కుట్టు సాయంత్రానికి దారప్పోగుల కుప్ప.

వన్ మోర్ అంటే షాట్ కుదరలేదు, మళ్ళీ తియ్యాలని. సినిమాల్లో అయితే ఆవిడ ఆ మాటే ఎరగరు. ఇండస్ట్రీలో ఆవిడ పేరే సింగిల్ టేక్ ప్రసూన. యాక్షన్ అనేలోపు కంట్లో నీళ్ళు, కట్ అనేలోపు చేతిలో కాఫీ. గ్లిజరిన్ సీసా చూపిస్తే "అది మీ హీరోయిన్‌కివ్వండి, పాపం" అనేవారు.

వేషం ఎప్పుడూ ఒక్కటే. హీరోగారి పేదతల్లి. వృత్తి, కుట్టుమిషను తొక్కడం. అలా నలభై సినిమాల్లో మిషను తొక్కితొక్కి పదహారుమంది కొడుకుల్ని ఇన్‌స్పెక్టర్లని చేశారు, తొమ్మిదిమందిని లాయర్లని చేశారు. మిగిలినవాళ్ళు చెడు సావాసాలు పట్టినా క్లైమాక్సుకి వచ్చి కాళ్ళ మీద పడ్డారు. ఇంత సంసారాన్ని సూదిమొన మీద ఈదిన ఆ మహాతల్లికి సూదిలో దారం ఎక్కించడం రాదు! ప్రతి షాట్‌కీ ముందు కాస్ట్యూమ్స్ టైలరు రామలింగం వచ్చి దారం ఎక్కించి వెళ్ళేవాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నా పేరు త్రినాథ్. అప్పట్లో అసిస్టెంటు డైరెక్టర్ని, కంటిన్యూటీ రాసేవాణ్ణి. ముందు షాట్‌లో ఎడమచేతిలో ఉన్న గ్లాసు తరవాతి షాట్‌లో కుడిచేతిలోకి దూకకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. ఒకసారి ఎవరో ఇస్త్రీ చేస్తూ ప్రసూనమ్మగారి నీలంగళ్ళ చీర కొంగు కాల్చిపెట్టారు. ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ. అప్పటికే ఒక షాట్‌లో పడిపోయింది. ఇక ఆ సినిమా పూర్తయ్యేదాకా ప్రతి షాట్‌లోనూ ఆ మచ్చ కనబడేలా చూసుకుంటూ చచ్చాను. నా నోటుపుస్తకంలో దాని బొమ్మ కూడా గీసుకున్నాను.

ఎనభై తొమ్మిదిలో ఆవిడ మద్రాసు వదిలి ఫిల్మ్‌నగర్‌లో బండల మీద ఇల్లు కట్టుకున్నారు. వెనక రెండు గదుల్లో నేనూ, మా ఆవిడ మంజులతా అద్దెకి దిగాం. అద్దెకన్నమాటే గానీ, ఆవిడ పెట్టే పెసరట్లకి మేమే ఎదురు బాకీ.

ఇక బొంత కథ. తొంభై ఒకటిలో యూసుఫ్‌గూడలో ఆడవాళ్ళకి కుట్టు నేర్పే కేంద్రమొకటి పెట్టారు. ప్రారంభోత్సవానికి ఎవరిని పిలుస్తారు? కుట్టుమిషను తల్లిని. "రిబ్బను కత్తిరించడం పాతబడిందమ్మా, మీ చేత్తో మొదటి కుట్టు వెయ్యండి" అన్నారు. రామలింగం ఊళ్ళో లేడు. దారం ఎక్కించడానికి ఈవిడకి పావుగంట పట్టింది. ఎలాగో నాలుగు కుట్లు వేసి, చప్పట్ల మధ్య నమస్కారం పెడుతూ లేచారు. ఆవిడతోపాటు గుడ్డా లేచింది, టేబులు మీది పూలకుండీ లేచింది. కొంగు కూడా కలిపి కుట్టేసుకున్నారు! హాలంతా గొల్లున నవ్వింది.

ఇంటి గేటు దగ్గర కారు దిగుతూ, "ఏరా త్రినాథ్, నలభై సినిమాల్లో జనాన్ని మోసం చేశానన్నమాట" అన్నారు.

"నటన అండీ అది, మోసమేంటండీ?"

"నోర్ముయ్. రేపట్నుంచి కుట్టు నేర్చుకుంటున్నాను."

మర్నాడు ట్రంకుపెట్టెల్లోంచి పేదతల్లి చీరలన్నీ బయటపడ్డాయి. వాటి మీది అతుకులు కూడా రామలింగం వేసినవే. వరండాలో చాపేసుకుని కూర్చున్నారు. "బొంతయితే కొలతలుండవురా, తప్పయినా ఎవడూ పట్టుకోలేడు" అని ఆవిడ ధీమా. గంటసేపు సూదితో కుస్తీ పట్టారు. గుడ్డ మీదకంటే వేళ్ళ మీద ఎక్కువ కుట్లు పడ్డాయి.

అప్పుడు ప్రహరీగోడ అవతలనుంచి నవ్వు వినిపించింది. పక్క స్థలంలో ఎవరిదో బంగళా లేస్తోంది. నెత్తిన కంకర తట్ట పెట్టుకుని ఒక ముసలామె గోడ మీదుగా చూస్తోంది.

"ఏందమ్మా, సూదిని గట్ల పడ్తివి? అదేమన్న తేలా?"

"నవ్వడం కాదు, నీకొచ్చా?" అన్నారు ప్రసూనమ్మగారు రోషంగా.

"నాకు రాకుంటే ఎవలికొస్తది? షేక్‌పేటల బుచ్చమ్మ బొంత లేని ఇల్లు లేకుండె. ఇప్పుడందరికి రగ్గులొచ్చినయ్, పరుపులొచ్చినయ్. బొంతలెవలికి గావాలె? అందుకే ఈ తట్ట."

ఆమె గోడ చుట్టూ తిరిగి గేటులోంచి లోపలికి వస్తుంటే చూశాం. కుడి మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటోంది. ఆ మోకాలి వంక ప్రసూనమ్మగారు కాసేపు చూసి, "రేపట్నుంచి నాకు నువ్వే మేష్టారివి. అక్కడిచ్చే కూలీ ఇక్కడ తీసుకో. మధ్యాహ్నం భోజనం నాతోనే" అన్నారు.

బుచ్చమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "నేర్పుడంటే నేర్పుత. గని ఒక్క ముచ్చట. బొంత ఒడిసిన రోజు నేను పోత. పని లేకుంట ఊకె కూసోని తినుడు నాతోని గాదు."

"సరే, బొంత పూర్తయ్యేదాకా ఉండు. ఒప్పందం" అన్నారు ఈవిడ.

అలా మొదలైంది చదువు. కింద ముతక పంచె పరవాలి, మధ్యలో పాతగుడ్డలు పేర్చాలి, పైన చీరముక్కలు అమర్చాలి. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాలి. ఫిల్మ్‌నగర్‌లో రాళ్ళకేం కరువు? ఆపైన అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి రావాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి వచ్చేసరికి ప్రసూనమ్మగారి కుట్టు షేక్‌పేటకని బయల్దేరి బంజారాహిల్స్ వెళ్ళిపోయేది.

"గిది కుట్టా అమ్మా? కోడి కెలికినట్టున్నది!"

"కోడి కాదు బుచ్చమ్మా, నేనే."

"కోడే నయం. గింజన్న దొర్కుతది."

డైరెక్టర్లే మీరు అంటూ మాట్లాడే మనిషిని బుచ్చమ్మ అలా దులిపేస్తుంటే, ఈవిడ ఒకటో క్లాసు పిల్లలా తలొంచుకుని "వన్ మోర్" అని విప్పుకునేవారు. మొదటి ఆరునెలల్లో ఆవిడ కొంగు బొంతలో కలిసిన సార్లు నేను లెక్కపెట్టడం మానేశాను. ఫోను మోగితే చాలు, ఆవిడ ముందూ బొంత వెనకా హాల్లోకి పరుగు.

ఒకరోజు షూటింగులో సీను పేపరు కనబడలేదు. హీరో మేకప్పేసుకుని కూర్చున్నాడు, డైలాగుల్లేవు. డైరెక్టరు నామీద తోకతొక్కిన తాచులా లేచాడు. ఇంటికి పరిగెత్తుకొస్తే, "నిన్న ఇక్కడే కూర్చుని చదివావుగా, బొంత తడిమి చూడు" అంది మంజులత. తడిమితే ఒకచోట గరగరలాడింది. పేదతల్లి చీరకీ ముతకపంచెకీ మధ్య హీరోగారి ఆవేశమంతా భద్రంగా ఉంది! కోసి తీసుకెళ్ళాం. రెండు డైలాగుల మధ్య సూది కన్నాలున్నాయని హీరో అక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సీను బ్రహ్మాండంగా పేలింది.

ఏడాది తిరిగేసరికి బొంత దాదాపు పూర్తయింది. దాదాపు అంటున్నాను, జాగ్రత్త! చుట్టూ కుట్టుకుంటూ వచ్చి నడిమిన జానెడు జాగా మిగిలింది. ఆ జానెడు మాత్రం పూడలేదు. రోజూ కుట్టడం, నాలుగింటికి వన్ మోర్. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. ఈ లోపల పక్క బంగళా పూర్తయింది, గృహప్రవేశమైంది, దాని పక్కన ఇంకోటి లేచింది. నాకు పెద్ద కూతురు పుట్టింది. ఆ జానెడు జానెడే.

పాప పుట్టినప్పుడు ప్రసూనమ్మగారు ఒక చిన్న బొంత తెచ్చి ఇచ్చారు. ఎంత ముచ్చటగా ఉందో! బియ్యపుగింజలు పేర్చినట్టు కుట్లు.

"ఎక్కడిదండీ?" అంది మంజులత.

"కోఠీలో కొన్నానే. చూడు ఎంత బాగా కుట్టారో. నాకెప్పటికొస్తుందో, ఏంటో!" అని నిట్టూర్చారు.

ఆ నిట్టూర్పు నా గుండెల్లో గుచ్చుకుంది. తొంభై నాలుగులో ఆవిడకి అరవై నిండుతున్నాయి. పుట్టినరోజుకి ముందు నాలుగు రోజులు ఆవిడకి రాజమండ్రిలో అవుట్‌డోరు షూటింగు. ఆ నాలుగు రోజులూ బుచ్చమ్మకి సెలవు. అప్పుడు నా బుర్రలో ఒక దివ్యమైన ఆలోచన పుట్టింది. నా బుర్రలో పుట్టిన ఆలోచనలు ఏ సినిమాకీ పనికిరాలేదు, నిజజీవితానికి మాత్రం ఎందుకు పనికొస్తాయి? బొంత చుట్టచుట్టి రామలింగం దగ్గరికి పట్టుకెళ్ళాను. గంటలో ఆ జానెడూ కుట్టి చేతిలో పెట్టాడు.

పుట్టినరోజు నాడు వరండాలో అందరం కూర్చున్నాం. లడ్డూలు పంచాం. నేను సినిమా పోస్టరు విప్పినట్టు బొంత విప్పి పరిచాను. "మేడమ్, మీ బొంత పూర్తి! మూడేళ్ళ కష్టం తీరిపోయింది!"

చప్పట్లు పడతాయనుకున్నా. ఒక్కరూ కొట్టలేదు.

ముందుగా కదిలింది బుచ్చమ్మ. కూర్చుని, నడిమిని అరచేత్తో తడిమింది. తలూపింది. గోడ పట్టుకుని లేచి, మూలనున్న తన సంచీ భుజాన వేసుకుంది.

"మంచిగున్నదమ్మా. ఒడిసింది. నేను పోత మరి. ఆ కొత్త బంగ్లా మేస్త్రి నాకెర్కనే. రేపట్నుంచి రమ్మంటడు."

అంటే మళ్ళీ తట్ట. ఆ మోకాలితో!

ప్రసూనమ్మగారు నావంక చూశారు. నలభై సినిమాల్లో ఏ విలన్‌నీ అలా చూడలేదు. "ఎవడు కుట్టమన్నాడ్రా నిన్ను, అప్రాచ్యుడా!" అన్నారు పళ్ళ బిగువున.

నాకింకా అర్థం కాలేదు. మొహం చెల్లక తల తిప్పుకుంటే, పక్కన చాప మీద మా పాప కోఠీ బొంతని తిరగేసి దాని మీద పడి దొర్లుతోంది. అడుగు వైపు నేనెప్పుడూ చూడలేదు. నీలంగళ్ళ ముక్క. ముక్క మధ్యలో గోధుమరంగు మచ్చ, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో.

నా మచ్చ! నేను బొమ్మ గీసుకున్న మచ్చ! కోఠీలో దొరికే సరుకా అది? అంటే ఈ బియ్యపుగింజల కుట్టు ప్రసూనమ్మగారి చేతిది. ఆవిడకి కుట్టు వచ్చి రెండేళ్ళ పైనే అయింది. వచ్చిన కుట్టునే రోజూ చెడగొట్టుకుని, రోజూ విప్పుకుని, రోజూ తిట్లు తిన్నారు. ఎందుకో ఆ వాచిన మోకాలే చెబుతోంది. నేనేమో అమోఘమైన తెలివితో ఆ ముసలామె అన్నంలో మన్ను పోశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

బుచ్చమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది.

"ఆగండి! కంటిన్యూటీ తప్పింది!" అని అరిచాను.

"ఏంది తప్పింది?" అంది బుచ్చమ్మ వెనక్కి తిరిగి.

"చుట్టూ అమ్మగారి కుట్టు, మధ్యలో టైలరు రామలింగం కుట్టు! అమ్మగారు కుట్టలేదు, నేనే కుట్టించాను. ఇలా ఎలా ఒప్పుకుంటాం? జనం తంతారు!"

మరుక్షణం ప్రసూనమ్మగారు అందుకున్నారు. ఏం అందుకోవడమండీ! బొంత గుండెకి హత్తుకున్నారు. పెదవి వణికింది. టపటపా కన్నీళ్ళు. "బుచ్చమ్మా! మూడేళ్ళు నీ కాళ్ళ దగ్గర నేర్చుకుని, చివరికి ఇంకోడి కుట్టుతో పాసవ్వాలా నేను? ఇదేనా నువ్వు నేర్పిన విద్య? చెప్పు బుచ్చమ్మా, చెప్పు!" అంటూనే కత్తెర తీశారు. "వన్ మోర్!" కచకచకచ. జానెడూ విప్పేశారు.

సింగిల్ టేక్. ఈసారి చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

బుచ్చమ్మ సంచీ దించింది. "తప్పదు మరి. నేర్పుడు సగంల ఇడిసిపెడ్తే పాపం" అని లడ్డూ తీసుకుంది. హమ్మయ్య అనుకున్నాను. ప్రసూనమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

అంతలో బుచ్చమ్మ మా పాపని ఎత్తుకోబోయి ఆ చిన్న బొంతని మొదటిసారి పరీక్షగా చూసింది. అంచు పట్టుకుంది, తిరగేసింది, కుట్టు మీద బొటనవేలు నడిపింది.

"కోఠీలో కొన్నది" అన్నాను.

"కోఠీల ఇట్ల మలుపు తిప్పుడు ఎవలికొస్తది బిడ్డా? ఇది నేను చెప్పిన మలుపు." గొంతు తగ్గించి, "నాకోసమని తన కుట్టు తానే ఇప్పుకున్నదా? రెండేండ్లు! కుట్టెటోల్లకే ఎర్క, కుట్టు ఇప్పుతుంటె పానం ఎట్ల గుంజుతదో. గసుంటి మనిషిని ఇడిసి ఏడికి పోత?" అంది. కళ్ళొత్తుకుని, వెంటనే నావైపు వేలు చూపించి, "నాకు ఎర్కయినట్టు అమ్మకు చెప్పినవనుకో, నీ నోరే కుట్టేస్త" అంది.

మర్నాడు ఇద్దరూ మామూలుగానే కూర్చున్నారు. ప్రసూనమ్మగారు ఎంతో కష్టపడి వంకరటింకరగా కుట్టారు. నాలుగయింది. కళ్ళజోడు జార్చి, కత్తెర కోసం తడుముకున్నారు. కనబడలేదు. అది బుచ్చమ్మ చేతిలో ఉంది.

"ఏమమ్మా, గిది కుట్టా? మంచిగ లేదు" అంది బుచ్చమ్మ నవ్వాపుకుంటూ. "వన్ మోర్!"

ప్రసూనమ్మగారు నోరు తెరిచి చూశారు. బుచ్చమ్మ కళ్ళలోకి చూశారు, నావంక చూశారు. నేను ఆకాశంలోకి చూశాను. ఇంకేముంది, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి, ఒగర్పు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ తరవాత పేదతల్లి చీరలతో ఇద్దరూ కలిసి ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన పిల్లలందరికీ బొంతలు కుట్టారు. అవన్నీ ఎప్పటికప్పుడు పూర్తయ్యాయి. ఈ ఒక్కటి తప్ప.

ఆ నవ్వుల సాయంత్రమే గదికి పోయి నా నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. "బొంత: నడిమిన జానెడు ఖాళీ. తరవాతి షాట్‌లోనూ ఉండాలి."