ఆఖరు ముందే చెప్పాలి

ఎవరైనా నాకు ఒక సిరీస్ చూడమని చెప్పి, "మొదట్లో కాస్త నెమ్మదిగా ఉంటుంది, నాలుగో భాగం నుంచి అందుకుంటుంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు భాగాలంటే నాకు ఒక పూట డయాలసిస్. సూదులు గుచ్చించుకుని, మిషను పక్కన పడుకున్న సమయమంతా దాని నెమ్మదితనానికి ధారపోయాలన్నమాట. అది అందుకునే వేళకు నాకు కట్టు కట్టి ఇంటికి పంపేస్తారు.

నేను దర్జీని. భద్రాచలం బజారులో మా అబ్బాజాన్ పెట్టిన కొట్టే నాదీ. కిడ్నీలు రెండూ పోయాక వారానికి మూడు రోజులు ఊళ్లోని దవాఖానాకు వెళ్లి పడుకుంటున్నాను. ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. కుట్టు శుభ్రంగానే ఉంది, నేను పరీక్షగా చూసి ఒప్పుకున్నాను. సూదులు ఆ చేతిలోకే దిగుతాయి, దిగాక దాన్ని కదపకూడదు. మిగిలేది కుడి చెయ్యి, అందులో ఫోను. గోడకు ఒక టీవీ ఉంది కానీ అందులో పొద్దస్తమానం వార్తల వాళ్లు అరుచుకుంటూ ఉంటారు. దాని రిమోట్ ఎక్కడుందో అడిగితే అందరూ పక్కవాళ్ల వైపు చూస్తారు.

అందుకని మా వార్డులో మాటలన్నీ ఏం చూడాలన్న దాని మీదే. జబ్బు గురించి మాట్లాడుకోం. రక్తంలో ఏది ఎంత వచ్చిందని అడిగేది కొత్తగా చేరినవాళ్లు మాత్రమే. కొన్నాళ్లకు వాళ్లూ మానేసి, "నిన్న చెప్పినవు గదా, అది జూసిన" అని మొదలుపెడతారు.

నా పక్క మంచం రిటైరైన బస్సు కండక్టరుది. పోలీసులు, హంతకులు ఉంటే తప్ప ఆయన చూడడు. ఎదుటి మంచం మీద ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే ఆమె. ఆమెకు రోజూ వచ్చే సీరియలే కావాలి. ఆ అత్తాకోడళ్ల గొడవ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. "అదెప్పటికి అయిపోవాలె అక్కా?" అని నేను ఒకసారి ఎగతాళి చేశాను. "అయిపోకుంటేనే మంచిది. నువ్వు అయిపోయేటియి జూసుకో" అంది.

నా గోల వేరు. నాకు కథకన్నా ముందు బట్టలు కనిపిస్తాయి. రాజుల కాలం సిరీస్‌లో సేనాపతి చంకలో మిషను కుట్టు కనబడుతుంది. కూలి పని చేసే ఆడమనిషి జాకెట్టు ఆమె ఒంటికి అచ్చు గుద్దినట్టు ఉంటుంది, ఎవడు కుట్టాడో కానీ నా దగ్గర అంత కుట్టుకూలి ఇచ్చినవాళ్లు లేరు. ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఉండే మా మేనల్లుడు తన పాస్‌వర్డ్ ఇచ్చాడు కాబట్టి అన్నీ చూస్తాను, అన్నింటినీ తిడతాను. నేను తిట్టిన పోలీసు కథను కండక్టరు తప్పకుండా చూస్తాడు.

వంటల కార్యక్రమాలు మాత్రం మా వార్డులో ఎవరూ ఎవరికీ చెప్పరు. రోజుకు రెండు చిన్న గ్లాసుల నీళ్ల మీద బతికేవాళ్లం, పండు ముక్కకు కూడా డాక్టరును అడిగేవాళ్లం. ఒకసారి కండక్టరు ఫోనులో హీరో చెంబెత్తి గటగటా నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. ఆ చప్పుడుకు వార్డంతా తల తిప్పింది. కండక్టరు ఆ ముక్కను వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. మాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మూల మంచం మీద అప్పట్లో ఎరువుల కొట్టాయన ఉండేవాడు. కండక్టరు చెప్పిన ఒక హత్యల కథ చూస్తూ, ఒక శుక్రవారం చివరి భాగం ముందు ఆపాడు. "సోమారం జూస్త. చంపినోడు ఎవడో చెప్పినవంటే ఊకోను" అని వేలు చూపించి మరీ వెళ్లాడు. సోమవారం ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. కండక్టరు ఆ రోజు ఫోను ముట్టలేదు. సూదులు తీస్తుండగా అన్నాడు: "ఇగ మీద ఎవలు ఏది జూడమన్నా ఆఖరు ముందే చెప్పాలె. తెల్వకుండ పోవుడు మంచిగ లేదు."

ఎవరూ కాదనలేదు. అప్పటి నుంచి అదే మా పద్ధతి. బయట ముగింపు చెప్పినవాణ్ని తిడతారు, మా దగ్గర చెప్పనివాణ్ని తిడతారు. ముందు ఆఖరు వినడం, నచ్చితే మొదటి నుంచి చూడడం. అలవాటయ్యాక అదీ బాగానే ఉంటుంది. ఎవరు చస్తారో తెలిశాక వాళ్లు మాట్లాడే ప్రతి మాటా శ్రద్ధగా వింటాం.

ఈ పద్ధతిని కాదన్నది, తర్వాత వచ్చిన ఒక్క అమ్మాయే.

చర్ల అవతల ఒక గూడెం వాళ్లది. చర్లలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. పాతికేళ్లు కూడా ఉండవు. తొలి బస్సు పట్టుకుని తల్లితో వచ్చేది. తల్లి లోపలికి వచ్చేది కాదు, వరండాలో బల్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆమెకు కోయ తప్ప వేరే మాట అంతగా రాదు. నాకు తోడుగా వచ్చే మా ఆవిడ పక్కన కూర్చుంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకునేవారు.

ఆ పిల్లకు ఎరువుల కొట్టాయన మంచమే ఇచ్చారు. నేను ఒక సిరీస్ చూడమన్నాను. కొండ ఊళ్లో ఒక టీచరమ్మ కనబడకుండా పోతుంది, ఆమె చెల్లెలు ఊరూరా వెతుకుతుంది. బట్టలు కూడా సక్రమంగా కుట్టినవే, నేను తిట్టకుండా చూసింది అదొక్కటే. పద్ధతి ప్రకారం ఆఖరు చెప్పబోయాను.

"చెప్పకు చాచా! నేనే జూస్త" అంది.

"ఈడ గట్ల నడువదు బిడ్డా" అన్నాడు కండక్టరు.

"నాకు నడుస్తది."

నేను వినకుండా మొదలుపెట్టేసరికి చెవులు మూసుకోబోయింది. కానీ ఒక చెయ్యి మిషనుకు కట్టేసి ఉంది. ఒక చెవిని అరచేత్తో మూసి, రెండో చెవిని దిండుకేసి గట్టిగా నొక్కుకుని, కళ్లు కూడా మూసుకుంది. నేను నోరు మూసుకోక తప్పలేదు. ఆ తర్వాత నేనూ కండక్టరూ ముగింపుల మీద వాదులాడుకోవాలంటే ఆమె నిద్రపోయేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆమెకు ఆ మొండితనం ఎందుకో త్వరలోనే తెలిసింది. తల్లి కిడ్నీ ఇస్తానంది. రక్తం గ్రూపు కలిసింది. కాగితాలు కావాలి, సర్కారు కార్డు సరిచేయించాలి, పత్తి ఏరడం అయిపోవాలి, అవన్నీ అయ్యాక హైదరాబాదు పోయి మిగతా పరీక్షలు. మా వార్డులో అలాంటి వార్త ఎన్నడూ రాలేదు. నాకు ఇచ్చేవాళ్లు లేరు, కండక్టరుకు వయసు దాటింది, వంటామెకు అడగాలన్న ఆలోచనే లేదు. ఆమె ఒక్కతే మాలోంచి బయటపడబోతోంది. నాకు అసూయ కలగలేదని చెప్పను, కానీ సంతోషమే ఎక్కువ. ఆమె వచ్చిన రోజు వార్డు గాలి కూడా తేలికగా ఉండేది.

సిరీస్‌ను ఆమె కావాలనే మెల్లగా చూసేది. ఒక పూటకు ఒక భాగమే. మిగతా సమయం కళ్లు మూసుకుని, తర్వాత ఏమవుతుందో తనే అల్లి మాకు చెప్పేది. "టీచరమ్మ బతికే ఉంది. చెల్లెకు దొరుకుతది. ఇద్దరు కలిసి ఇంటికొస్తరు. అవ్ గదా చాచా?" అని నా ముఖం చూసేది. నేను పైకప్పు చూసేవాణ్ని.

"ఆఖరి భాగం ఈడ జూడను. ఆపరేషన్ అయినంక, హైదరాబాదుల మంచం మీద పండుకోని జూస్త. రెండు చేతులు ఇడిచిపెట్టి ఉంటయ్ గదా అప్పుడు" అంది ఒకరోజు.

కండక్టరు తల అటు తిప్పుకుని దగ్గాడు. ఆఖరు ముందే చెప్పాలన్న మనిషి, ఆమె ఎదుట ఆ ఊసెత్తడం పూర్తిగా మానేశాడు. అల్లా, ఈ ఒక్కదానికి నువ్వు ముందే ఏమీ రాసి పెట్టకు అని నేను అడుక్కున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా కోసం కూడా అంతగా ఎప్పుడూ అడుక్కోలేదు.

తల్లీకూతుళ్లు హైదరాబాదు వెళ్లిన వారం ఆమె మంచం మీద వేరే ఎవరో పడుకున్నారు. అక్కడే ఆమెకు డయాలసిస్ చేయిస్తారని మాకు తెలుసు. అయినా ఆ మంచం వైపు చూడడానికి ఎవరికీ మనసొప్పలేదు. వంటామె తన సీరియల్ కూడా సరిగా చూడలేదు. "పిల్ల ఏమైందో ఏమో" అని మూడు మాటలకోసారి అంది.

తర్వాతి సోమవారం ఆమె వచ్చింది. బరువు చూసుకుని, మంచం ఎక్కి, చెయ్యి చాపింది. సూదులు దిగేటప్పుడు ఎప్పుడూ మొహం చిట్లించేది, ఆ రోజు చూస్తూ ఉండిపోయింది. మిషను తిరగడం మొదలయ్యాక నా వైపు తిరిగింది.

"చాచా, టీచరమ్మ సంగతి ఆఖరికి ఏమైతది?"

"ఇంక రెండే ఉన్నయ్ గదా బిడ్డా. నువ్వే జూస్తవు" అన్నాను.

"చెప్పు."

"మంచిగుంటది, చెప్తే పోతది."

"చెప్పు చాచా."

కండక్టరు కళ్లద్దాలు తీసి పొట్ట మీద పెట్టుకున్నాడు. వంటామె గోడ వైపు తిరిగింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ సిరీస్ చూడమని చెప్పిన నా నోటి మీద, దాన్ని అంత బాగా తీసినవాళ్ల మీద, అన్నింటి మీదా వచ్చింది. కానీ ఆమె అడిగింది మా పద్ధతి ప్రకారమే. చెప్పనని ఎలా అంటాను?

చెప్పాను. టీచరమ్మను ఎవరూ చంపలేదు. తనే వెళ్లిపోయింది. చాలా దూరపు ఊళ్లో ఒక బడిలో పిల్లల చేత ఎక్కాలు చదివిస్తూ ఉంటుంది. చెల్లెలు గేటు బయట నిలబడి ఆమెను చూస్తుంది. లోపలికి పోదు, పిలవదు. వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్లిపోతుంది.

"మాట్లాడకుండనే పోయిందా?"

"అవ్."

"మంచిగనే ఉంది" అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నాకే ఆగలేదు. నా కుడి చెయ్యి ఫోను వదిలి మొహం మీదికి వెళ్లింది.

అప్పుడు చెప్పింది. పెద్ద పరీక్షల దాకా పోనేలేదు. అక్కడ తల్లికి తీసిన మొదటి రక్తంతోనే డాక్టరు ఆపేశాడు. తల్లి కిడ్నీలు కూడా చివరికొచ్చాయి. కాళ్లు వాస్తుంటే పొలంలో పొద్దంతా నిలబడ్డందుకే అనుకుందట. ఆకలి కాకపోతే బిడ్డ బెంగ అనుకుందట. ఎవరికీ చెప్పలేదు. ఇవ్వడానికి వెళ్లినామెను, నీకే కావాలమ్మా అని తిప్పి పంపారు.

"ఆమెకేం సమజయితలేదు చాచా. డాక్టర్ చెప్పింది నేనే మా మాటల చెప్పిన. చెప్పినంతసేపు నా చెయ్యి పట్టుకోని, మరి నాది ఎప్పుడు తీస్తరు అని అడిగింది."

గోడ మీద టీవీలో వార్తలవాడు ఎవరినో నిలదీస్తున్నాడు. వాడి గొంతు పిసికి ఆపాలనిపించింది. తలుపు సందులోంచి వరండాలో బల్ల కనబడుతోంది. తల్లి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

ఆ అమ్మాయి ఫోను తీసి, టీచరమ్మ సిరీస్ మీద వేలు పెట్టి చెరిపేసింది. తర్వాత నాతో మామూలు గొంతుతో మాట్లాడింది.

"వచ్చే వారం నుంచి అమ్మకు గూడ మిషను మొదలు పెడ్తరు. మాకిద్దరికి ఒక్కటే టైం ఇచ్చిండ్రు, బస్సుకు అందుతదని. గన్ని గంటలు ఊకె పండుకోదు, భయపడ్తది. తెలుగు రాదు, చదువు రాదు. మా భాషల ఏం దొరుకుతలేవు, నిన్న మొత్తం ఎతికిన. నువ్వు ఇన్ని జూస్తవు గదా చాచా, అమ్మకు ఏం పెట్టాల్నో ఒక్కటి చెప్పు."

చూసినవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. ఏదీ సరిపడేలా లేదు. ఆమె ఫోను తెరిచి పట్టుకుని, నేను పేరు చెబితే వెతుకుదామని నా వైపే చూస్తూ ఉంది.