ఒక్కపొద్దు నడక

దేవరకొండ కోట మీద పొద్దు పొడిచే వేళ నేను గాలిలో నడిచేదాన్ని. అబద్ధం కాదు, నాకు అట్లాగే ఉండేది. కాళ్ళ కింద రాతిమెట్లు మెత్తబడేవి. సీతాఫలం చెట్ల పచ్చదనం మెల్లగా తెల్లబారేది. కింద ఊళ్ళో బస్సు హారన్ ఎన్నో ఏళ్ళ కింద మోగినట్టు వినబడేది. ఒళ్ళంతా చల్లటి చెమట. ఆ తేలికను నేను భక్తి అనుకున్నాను. బరువు తగ్గుతున్న గుర్తు అని కూడా అనుకున్నాను.

అప్పటికి తెలంగాణ వచ్చి నాలుగైదేళ్ళు. నేను కోటకు దగ్గర్లోని ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. గర్భిణులను తూచే మిషను మీద ఒకరోజు ఎవరూ లేనప్పుడు నేనెక్కాను. ముల్లు డెబ్బై ఎనిమిది కిలోల దగ్గర ఆగింది. దిగి, చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కాను. చెప్పుల తప్పేమీ లేదని తేలింది.

అంతకుముందు ఏడు మా ఆయన జ్వరంతో మంచం పట్టినప్పుడు, ఏడాదిపాటు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకున్నాను. పగలంతా ఏమీ ముట్టకుండా, పొద్దుగూకాక దీపం పెట్టి ఒక్కపూట అన్నం తినడం. ఆయన లేచి తిరిగాడు, ఏడాదితో మొక్కు తీరింది. నేను మాత్రం ఆపలేదు. శనివారానికి సోమవారాన్ని, సోమవారానికి గురువారాన్ని జత చేశాను. సరిగ్గా ఆ మూడు రోజులే పొద్దున్నే కోట ఎక్కేదాన్ని. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయిపోయేవి. లావు తగ్గాలని తినడం లేదంటే ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఒక్కపొద్దు అంటే మాత్రం ఎవరూ నోరెత్తరు. మా దగ్గర ఆ మాటకు ఎదురు లేదు.

ఒక శనివారం సగం మెట్ల దగ్గర కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. చేతులు వణుకుతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అయినా భయం వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ భయం లేకపోవడమే భయంగా ఉంటుంది. ఎండ నన్ను ఒళ్ళో పెట్టుకున్నట్టుంది, అట్లాగే నిద్రపోవచ్చనిపించింది. ఆ గుట్ట వాలులోనే మేకలు మేపే మా అమ్మ దూరం నుంచి పిలుస్తోంది. పలకాలని మాత్రం అనిపించలేదు.

అమ్మ పైకి ఎక్కి వచ్చి నా ముఖం చూసింది. ఆ పొద్దున ఈనిన మేకకు పెట్టడానికి కొంగున కట్టుకున్న బెల్లం విప్పింది. ఒక్కపొద్దు అన్నానో, అనుకున్నానో, తల పక్కకు తిప్పుకున్నాను. నా దవడ పట్టుకుని బెల్లం నోట్లో పెట్టింది. కొంతసేపటికి రాళ్ళు రాళ్ళయ్యాయి, ఆకులు పచ్చబడ్డాయి. లోకం మళ్ళీ గట్టిగా కనిపించేసరికి ఏడుపొచ్చింది. సద్దిమూట విప్పి జొన్నరొట్టె కూడా తినిపించాక అడిగింది:

“ఒక్కపొద్దు దేవునికా, నడుముకా బిడ్డా?”

నేను మిగిలిన రొట్టె నోట్లో పెట్టుకున్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, అబద్ధమైనా చెప్పేదాన్ని.

సోమవారం నన్ను దవాఖానకు తీసుకుపోయింది. రక్తం ఎనిమిదే ఉందన్నది డాక్టరమ్మ. ఖాళీ కడుపుతో ఉంటే చక్కెర పడిపోతోందనీ, ఎందుకో తేల్చాలనీ ఇంకో పరీక్ష రాసింది. లావు తగ్గొద్దని అనలేదు, తొందర వద్దన్నది. రక్తం పెరిగేదాకా మెట్లు ఎక్కొద్దు, ఏదన్నా తిన్నాకే చదును నేల మీద నడువు, పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత వేగం చాలు, తల తిరిగితే ఆగి కూర్చో, పూటలు ఎగ్గొట్టకు అన్నది. రక్తం మాత్ర వేసుకున్నాక వెంటనే చాయ్ తాగొద్దన్నది. ఆ చివరి మాట నేను రోజూ గర్భిణులకు చెప్పేదే. సిగ్గుతో కొత్తగా విన్నట్టు విన్నాను.

తర్వాత పొద్దున్నే ఇంత తిని అమ్మ వెనక, మేకల వెనక చదునుగా ఉన్న చేలగట్ల మీద నడిచేదాన్ని. మేకలు ఆగితే ఆగడం, కదిలితే కదలడం. మంచులో వాటి వీపులు మాత్రమే కనబడేవి. ఆ నెలలో ఒక్క కిలో తగ్గాను, దాంతోనే పొంగిపోయాను. సోమవారం, గురువారం వదిలేశాను. శనివారం వదలలేదు. వదిలితే మా ఆయనకు జ్వరం తిరగబెడుతుందేమోనని దిగులు. అది నిజమైన దిగులు కాబట్టి దానితో వాదించలేకపోయాను. ఆ రోజు నడవను కదా, ఏం కాదులే అనుకున్నాను.

మా సెంటర్‌కు రోజూ మధ్యాహ్నం భోజనానికి వచ్చే ఒకామెకు ఏడో నెల. పత్తి ఏరడానికి కూలికి పోయేది. ఒక శనివారం అన్నం, పప్పు, గుడ్డు పెట్టిన ప్లేటు ముందుకు జరిపితే వెనక్కి నెట్టింది. కంటి కింది రెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. ఎందుకు తినవని అడిగాను.

“నువ్వుంటున్నవు గదా టీచరమ్మా. కాన్పు మంచిగ కావాల్నని నేను గూడ నాలుగు శనివారాల సంది ఉంటున్న.”

నాలుగు శనివారాలు ఆమె అన్నం గిన్నెలో పెట్టించుకుని పోతుంటే, ఇంటికి పోయి తింటుందనుకున్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు ఉపవాసం ఉండొద్దని చెప్పాను. మర్యాదగా తల ఊపింది, ప్లేటు ముట్టలేదు. తినని నోటితో తినమని చెబితే ఎవరు వింటారు?

సెంటర్ గుడ్లు లెక్కవి కాబట్టి పక్కింట్లో ఒక గుడ్డు అడిగి తెచ్చి ఉడకబెట్టాను. అది ఉడికినంతసేపూ మంచంలో వణుకుతున్న మా ఆయనే కళ్ళ ముందు. కోపం వస్తే నా మీదే చూపించు స్వామీ, ఆయన జోలికి పోకు అని మొక్కుకున్నాను. గుడ్డు, ఇంత అన్నం ప్లేటులో పెట్టుకుని ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాను. శనివారం నాడు, పట్టపగలు, గుడ్డు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. నీళ్ళు తాగి దింపాను. ఆమె రెప్ప వేయకుండా నా నోటి వైపే చూస్తోంది. నేను రెండో ముక్క కూడా మింగాక, తన ప్లేటు దగ్గరికి లాక్కుని గుడ్డు పొట్టు తీయడం మొదలుపెట్టింది.