అమ్మ ముఖం కింద చుక్కలు

మొన్న ఫిబ్రవరి పన్నెండో తేదీ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మార్కాపురంలో మా ఇంటి గోడ మీదున్న అమ్మ బొమ్మను దించాం. అమ్మ బడి పలకల షెడ్డులో పలకలకు చెక్క చట్రాలు బిగించేది. బొమ్మలోనూ అదే పనిలో ఉంటుంది. తరువాత పెద్ద పేరు తెచ్చుకున్న చిత్రకారుడొకడు అప్పట్లో మా వీధిలో అద్దెకుండేవాడు. పదకొండు రోజులు ఆమెను కూర్చోబెట్టి వేసి, బొమ్మను మాకే ఇచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. రోజుకొక బొగ్గు గీత గోడ మీద పెట్టాను. ఆ ఏడాదే అమ్మ పోయింది. ఒక్క ఫోటో లేదు. ఆమె ముఖమంటే నాకు ఆ బొమ్మే.

దించమన్నది గిద్దలూరు నుంచి వచ్చిన ఒక పిల్ల. హైదరాబాదులో ఆ చిత్రకారుడి పనితీరు మీద పరిశోధన చేస్తోంది. ఆయన ముందు గీత గీయకుండా నేరుగా రంగుతోనే వేసేవాడని అందరూ చెబుతారు. అది నిజమో కాదో తేల్చడానికి రంగు కింద ఉన్నది చూపే కెమెరా తెచ్చింది. నాకు నమ్మకం కలగలేదు. అసలు తీసుకుపోయి నకలు తగిలిస్తే? బొమ్మను కొలిచి, వెనక చెక్క మీద ఒక గుర్తు పెట్టుకున్నాను. కెమెరాకూ పరీక్ష పెట్టాను. తెల్ల అట్ట మీద బొగ్గుతో ఒక లెక్క రాసి, గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు పూసి ఇచ్చాను.

"పదిహేడు ఇంటూ ఇరవై మూడు, మూడొందల ఎనభై ఒకటి," అని చదివి నవ్వింది. "లెక్క తప్పినావవ్వా."

"కావాలనే తప్పినాను. నీ మిషను ఉన్నది చూస్తాదా, ఊహిస్తాదా అని."

అప్పుడు బొమ్మ చూడనిచ్చాను. తెర మీద ముఖం అంచు వెంట వరుసగా సన్నటి చుక్కలు.

"ఏందివి?"

"కాగితం మీద ముఖం గీసి, గీత వెంట సూదితో పొడిచి, బొగ్గు పొడి అద్దినాడు. అచ్చుతో ముగ్గేసినట్ల. పొదిలిలో, కనిగిరిలో ఆయన వేసిన ఆడమనుషుల బొమ్మల్లోనూ ఇవే చుక్కలు. అదే ముఖం."

"మా అమ్మను చూసే అవి కూడా వేసినాడేమో."

"పొదిలిది దీనికంటే నాలుగేళ్లు ముందుదవ్వా."

"తేదీ వేసిందెవరు?"

"ఆయనే, వెనకపక్క."

తేదీతో నేను వాదించలేను.

చేతుల దగ్గర మాత్రం చుక్కలు లేవు. అన్నీ బొగ్గు గీతలే, చెరిపి గీసినవి, మళ్లీ చెరిపి గీసినవి. ఎడమ చిటికెన వేలు ఐదుసార్లు గీశాడు. పలక అంచు కోసుకుని వంకరపోయిన వేలు. రంగులో దాన్ని అమ్మ చేతిలోని పలక చట్రం కప్పేసింది, నేనూ మరిచిపోయాను. పదకొండు రోజులు వేటికి పట్టాయో అప్పుడు తెలిసింది.

సాయంత్రం నాలుగున్నరకు బొమ్మ గోడకెక్కింది. కొలతలు సరిపోయాయి. నా గుర్తు పెట్టినచోటే ఉంది.

పోయినవి: నుదురు ఒకటి, కళ్లు రెండు, ముక్కు, నోరు, గడ్డం.